శనివారం విందుకు బొగ్గుల స్మోకరా, పెల్లెట్ స్మోకరా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఈమధ్యే సొంత ఇంట్లోకి మారాం. వెనక చిన్న పెరడు, సిమెంటు పేషియో ఉన్నాయి. నెలకు రెండు శనివారాలు పన్నెండు, పదిహేను మంది భోజనానికి వస్తారు. ఎక్కువగా చికెన్ లెగ్స్ చేస్తాం. అప్పుడప్పుడు మేక తొడ, మొక్కజొన్న కంకులు, పనీర్. ఏడాదికి ఒకటి రెండుసార్లు పోర్క్. బొగ్గుల మీద చేస్తేనే రుచి అంటారు మావారు. ఇద్దరు చిన్నపిల్లల్ని పెట్టుకుని నిప్పు దగ్గర కూర్చునే తీరిక ఎక్కడుంది, బటన్ నొక్కితే కట్టెపొట్టు గుళికలతో దానంతటదే నడిచే పెల్లెట్ స్మోకర్ కొందామని నేను. శనివారాలు ఆయన ఇంట్లోనే ఉంటారు. బడ్జెట్ 700 డాలర్లు. ఏది కొనమంటారు?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: మీరు రాసిన వంటలు చూస్తే మా ఓటు బొగ్గులకే. 18 అంగుళాల బుల్లెట్ స్మోకర్ (కింద బొగ్గులు, పైన రెండు జాలీలు ఉండే నిలువు పీపా పొయ్యి) తీసుకోండి. అలాగని మీ మాట తప్పు, మీవారి మాట ఒప్పు అని కాదు. మీరు వండేవాటిలో చికెన్ గంటన్నరలో అవుతుంది, కంకులు ఇరవై నిమిషాలు, అన్నిటికంటే ఆలస్యమయ్యే మేక తొడ కూడా ఐదు గంటల్లో దిగుతుంది. పెల్లెట్ స్మోకర్‌కు డబ్బు పెట్టేది పన్నెండు, పద్నాలుగు గంటల పోర్క్ షోల్డర్‌ను రాత్రి ఎక్కించి నిద్రపోవడానికి. ఆ అవసరం మీకు ఏడాదికి రెండుసార్లే. మీ వంటలన్నిటికీ కావలసిన సెగ, అంచులు మాడి మాడనట్టు కాలడం, పెల్లెట్ యంత్రం ఇవ్వగలిగేది తక్కువ.

ముందు రుచి సంగతి తేల్చుకుందాం. బొగ్గు తనంతట తాను పెద్దగా రుచి ఇవ్వదు. కట్టెను గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేసేటప్పుడే పొగవాసననిచ్చే పదార్థాలు చాలావరకు పోతాయి. బొగ్గుల వంట రుచి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, బొగ్గుల మీద పెట్టే కట్టెముక్క. కట్టెలోని లిగ్నిన్ కాలినప్పుడు గ్వాయకాల్, సిరింగాల్ అనే పదార్థాలు పుడతాయి. పొగ వాసన, రుచి ఎక్కువగా వీటివే. రెండోది, మాంసంలోంచి కారే కొవ్వు, రసం నిప్పుల మీద పడి ఆవిరై తిరిగి ముక్కను పట్టుకోవడం. మనవాళ్లు ‘బొగ్గుల రుచి’ అనేది ఎక్కువగా ఈ రెండోదాన్నే. మీవారికి కావలసింది ఇదే అయితే నిప్పుకీ ముక్కకీ మధ్య అడ్డం ఉండకూడదు. పెల్లెట్ యంత్రంలో అడ్డంగా ఇనప రేకు ఉంటుంది. బుల్లెట్ స్మోకర్‌లో కూడా నీళ్ల గిన్నె పెడితే అది అడ్డమే. అందుకే చికెన్‌కు ఆ గిన్నె తీసేయమంటాం.

పెల్లెట్ స్మోకర్ పని చేసే తీరు తెలిస్తే దాని గుణం, లోపం రెండూ అర్థమవుతాయి. రంపపుపొట్టును గట్టిగా నొక్కి చేసిన పావు అంగుళం మందం గుళికలు హాపర్ అనే తొట్టెలో పోస్తారు. ఆగర్ అనే మరచుట్టు వాటిని కొద్దికొద్దిగా ఫైర్‌పాట్‌లోకి, అంటే అవి కాలే చిన్న గిన్నెలోకి, తోస్తుంది. మొదటి కొన్ని నిమిషాలు ఒక కరెంటు రాడ్ ఎర్రగా కాలి వాటిని అంటిస్తుంది, ఆ తర్వాత ఫ్యాన్ మంటను నిలబెడుతుంది. లోపలి వేడిని కొలుస్తూ ఎన్ని గుళికలు వేయాలో కంట్రోలర్ నిర్ణయిస్తుంది. ఆరెగాన్‌లో ట్రేగర్ కుటుంబం దీన్ని తయారు చేసి 1986లో పేటెంట్ పొందింది. ఆ పేటెంట్ గడువు తీరాకే మార్కెట్లోకి ఇన్ని కంపెనీలు వచ్చాయి. చిన్న మంట, దానికి ఫ్యాన్ గాలి. అందుకే గుళిక దాదాపు పూర్తిగా కాలిపోతుంది, పొగ పల్చగా వస్తుంది. వేడిని ఎంత కచ్చితంగా పట్టి ఉంచే కంట్రోలరైతే పొగ అంత తక్కువ. అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు. వేడి విషయానికొస్తే చాలా మోడళ్లు 450, 500 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఆగిపోతాయి. కోడి తోలు కరకరలాడడానికి అది చాలు. పనీర్ మీద నల్లటి మచ్చలు పడడానికి మాత్రం నిప్పుల నేరు సెగ కావాలి.

పెల్లెట్‌తో వచ్చే ఇబ్బందులు కూడా బటన్ నొక్కితే పోయేవి కావు. గుళికలకు తేమ పరమ శత్రువు. హాపర్‌లో వదిలేసి రెండు వానలు పడనిస్తే ఉబ్బి పొట్టుగా మారి ఆగర్‌లో సిమెంటులా బిగుసుకుంటాయి. వంట మధ్యలో మంట ఆరిపోతే కంట్రోలర్ వేడి తగ్గిందనుకుని గుళికలు పోస్తూనే ఉంటుంది. అది గమనించకుండా మళ్లీ అంటిస్తే కుప్ప మొత్తం ఒక్కసారి భగ్గుమంటుంది. ఆరిపోయినప్పుడు చేయవలసింది ఒకటే: ఆపండి, చల్లారనివ్వండి, ఫైర్‌పాట్ ఖాళీ చేయండి, అప్పుడు మొదలుపెట్టండి. రెండు బస్తాలకొకసారి (20 పౌండ్లవి) చల్లబడ్డాక లోపలి బూడిదను షాప్ వ్యాక్ అనే పెద్ద వాక్యూమ్ క్లీనర్‌తో లాగాలి. కొవ్వు కారే రేకు మీద ఫాయిల్ మార్చాలి. మార్చకపోతే పేరుకున్న జిడ్డు అంటుకుంటుంది. కరెంటు ఎలాగూ ఉండాలి. ఇంధనం ఖర్చులో బొగ్గుకూ దీనికీ పెద్ద తేడా లేదు. 225 డిగ్రీల దగ్గర గంటకు పౌండు అటూఇటూగా గుళికలు కాలతాయి, చలిగాలి రోజుల్లో ఇంకా ఎక్కువ.

ఇక మీ 700 డాలర్లు ఇలా పెట్టండి. వెబర్ కంపెనీ బుల్లెట్ స్మోకర్, స్మోకీ మౌంటెన్ 18 అంగుళాలది, నాలుగు వందల పైచిలుకు ఉంటుంది, సేల్‌లో తగ్గవచ్చు. రెండు గ్రేట్‌లూ (జాలీలు) కలిపి పదహారు లెగ్ క్వార్టర్లు (తొడా కాలూ కలిసిన ముక్కలు) పడతాయి. పెద్ద చిమ్నీ స్టార్టర్ (బొగ్గులు నింపి అంటించే ఇనప గొట్టం) ఒకటి. రెండు ప్రోబ్‌ల (గుచ్చే పుల్లల) డిజిటల్ థర్మామీటర్ ఒకటి, మూతకు బిగించి వచ్చే ముల్లు మీటర్‌ను నమ్మవద్దు. అది మూత దగ్గరి వేడి చెబుతుంది, ముక్క ఉన్నచోటి వేడికీ దానికీ పాతిక డిగ్రీల తేడా మామూలే. కొన్న ప్రోబ్‌ను ఐసు నీళ్లలో ముంచితే 32, మరిగే నీళ్లలో 212 దగ్గర చూపించాలి. మోచేతిదాకా వచ్చే తోలు గ్లవ్స్, పొడుగు పటకారు. ఇవన్నీ కొన్నాక కూడా బొగ్గుకు, కట్టెముక్కలకు డబ్బు మిగులుతుంది. ఆరేడుగురికే అయితే స్మోకర్ కూడా వద్దు, 22 అంగుళాల కెటిల్ గ్రిల్ (మూత ఉన్న గుండ్రటి బొగ్గుల పొయ్యి) చాలనేవాళ్లం.

బొగ్గులో మామూలు బ్రికెట్లే (పొడిని నొక్కి ఒకే సైజులో చేసిన బిళ్లలు) తీసుకోండి. లంప్ బొగ్గు, అంటే కట్టెను నేరుగా కాల్చి చేసిన ముక్కలు, ఎక్కువ వేడినిస్తుంది, బూడిద తక్కువ, కానీ ముక్కలు చిన్నాపెద్దా ఉంటాయి కాబట్టి కొత్తలో వేడి అదుపు తప్పుతుంది. నూనె కలిపి ‘అగ్గిపుల్ల గీస్తే చాలు’ అని అమ్మేవి స్మోకర్‌కు పనికిరావు. కట్టె కోసం పిడికెడంత ముక్కలు వాడండి: చికెన్‌కు ఆపిల్ లేదా పెకాన్, మేకకు ఓక్. మెస్కీట్ ఘాటు, ఒక్క ముక్క మించితే చేదు. నానబెట్టాల్సిన పని లేదు. నానిన కట్టె ముందు ఆవిరి వదిలి, ఆరాకే పొగ ఇస్తుంది.

చికెన్ శనివారం ఎలా నడవాలో చెబుతాం. పదహారు లెగ్ క్వార్టర్లకు ముందురోజు రాత్రే ఉప్పు పట్టించండి, పౌండుకు అర టీస్పూన్ కోషర్ ఉప్పు (గరుకు ఉప్పు). మామూలు సన్న ఉప్పైతే పావు టీస్పూన్‌కు కాస్త పైన. అల్లంవెల్లుల్లి, కారం, ధనియాలపొడి, పసుపు, నిమ్మరసం, రెండు చెంచాల నూనె చాలు. పెరుగు వేయాలనిపిస్తే గుడ్డలో వేలాడదీసి నీరు పోయిన గట్టి పెరుగు వేయండి. పొయ్యెక్కించేముందు ముక్క మీద మందంగా ఉన్న ముద్దను చేత్తో తుడిచేయండి. పెరుగు ముద్ద పొగను ముక్కదాకా రానివ్వదు. తోలు ఉడుకుతుంది గాని కాలదు.

నీళ్ల గిన్నె తీసేసి, అడుగున బొగ్గులు పోసే రింగ్‌లో సగం దాకా అంటించని బ్రికెట్లు పోయండి. చిమ్నీ నిండా, అంటే ఇంచుమించు వంద బ్రికెట్లు, అంటించి పావుగంట, ఇరవై నిమిషాల్లో పైవాటి అంచులు బూడిద రంగుకు తిరిగాక వీటి మీద గుమ్మరించండి. కట్టెముక్కలు రెండే. కింది మూడు వెంట్‌లూ (గాలి రంధ్రాలు), పై వెంట్ బార్లా తెరవండి. తెల్లగా దట్టంగా వచ్చే పొగ పల్చబడి, నీలంగా కనీ కనిపించనట్టు అయ్యేదాకా ఆగండి. ఇది ఇరవై నిమిషాల పని. తొందరపడి ముందే ముక్కలు పెడితే ఆ తెల్లపొగలోని మసి పట్టి నాలుక మీద చేదు నిలుస్తుంది. మొదటిసారి చేసేవాళ్ల చికెన్ చెడేది ఎక్కువగా ఇక్కడే.

వేడి 325 నుంచి 350 మధ్య ఉండాలి. 225 దగ్గర కోడిని వండితే మాంసం బాగానే ఉంటుంది, తోలు మాత్రం రబ్బరు. కింది గ్రేట్ నిప్పులకు దగ్గర కాబట్టి నలభై నిమిషాలకు పైవి కిందికి, కిందివి పైకి మార్చండి. మూత తీసినప్పుడు కొవ్వు అంటుకుని మంట లేస్తే నీళ్లు చల్లకండి, మూత పెట్టేయండి, గాలి లేక ఆరిపోతుంది. కోడికి 165 వస్తే తినడానికి భయం లేదు. తొడభాగం రుచి పట్టేది 175 నుంచి 185 మధ్య, ఎముక దగ్గరి గట్టి పొరలు అప్పుడే కరుగుతాయి. ప్రోబ్ మొన ఎముకకు తగలకుండా తొడ మధ్యలో గుచ్చండి, ఎముకకు తగిలితే తప్పు అంకె చూపిస్తుంది. గంటంబావు నుంచి గంటన్నరలో దిగుతాయి. దించాక పై గ్రేట్ తీసి కిందిదాని మీద పనీర్ పుల్లలు, కంకులు కాల్చుకోండి, నిప్పులు ఇంకా బలంగా ఉంటాయి. శాకాహారులు వచ్చేటట్టయితే ఈ వరస తిరగేయండి. వాళ్లవి ముందు, కడిగిన గ్రేట్ మీద.

మేక తొడ వేరే లెక్క. మేకలో కొవ్వు కండలోకి అల్లుకుని ఉండదు, పైన పొర కూడా పల్చనే. అందుకే పోర్క్ షోల్డర్‌లా చివరిదాకా ఫాయిల్ చుట్టకుండా ఉంచితే ఎండి నారలా మారుతుంది. నాలుగైదు పౌండ్ల తొడకు అదే లెక్కన రాత్రి ఉప్పు, మసాలా పట్టించండి. ఈసారి నిప్పు మెల్లగా ఎక్కాలి. రింగ్ నిండా అంటించని బ్రికెట్లు పోసి మధ్యలో గుంట చేసి, చిమ్నీలో ఇరవై, పాతిక బ్రికెట్లు మాత్రమే అంటించి ఆ గుంటలో పోయండి. జిమ్ మినియన్ అనే పోటీ వంటగాడి పేరుతో దీన్ని మినియన్ పద్ధతి అంటారు. మధ్యలోంచి బయటికి ఒక్కొక్కటీ అంటుకుంటూ పోయి, నిండా పోసిన రింగ్ పది గంటలు సులువుగా నిలుస్తుంది. కట్టెముక్కలు మూడు, బొగ్గుల్లో అక్కడక్కడా పెట్టండి. గిన్నె పెట్టి వేడినీళ్లు పోయండి. చన్నీళ్లు పోస్తే ఆ నీళ్లు కాగడానికే గంట సేపు నిప్పు ఖర్చవుతుంది.

వేడి 200 దాటగానే కింది వెంట్‌లు పావువంతే తెరిచి ఉండేలా మూయడం మొదలుపెట్టండి. 250 వచ్చాక మూద్దామంటే ఆలస్యమే, అప్పటికి అంటుకోవాల్సినవాటికంటే ఎక్కువ అంటుకుని ఉంటాయి. కుంపటి విసిరినవాళ్లకు తెలిసిందే, గాలి ఎంతో నిప్పు అంత. వంట అవుతున్నంతసేపూ పై వెంట్ మూయవద్దు. పొగ లోపల నిలిచి మాంసం చేదెక్కుతుంది.

తొడను ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెట్టండి. చల్లగా, తడిగా ఉన్న ముక్కకే పొగ బాగా పడుతుంది. 250 దగ్గర రెండున్నర, మూడు గంటలకు లోపలి వేడి 155కు వస్తుంది. అప్పుడు రెండు పొరల ఫాయిల్‌లో చీల్చిన ఉల్లిపాయ, అరకప్పు నీళ్లతో గట్టిగా చుట్టి మళ్లీ పెట్టండి. చుట్టకపోతే అక్కడే ఆగిపోయినట్టుంటుంది, గంట గడిచినా అంకె కదలదు. ముక్క మీది తడి ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. అది నిప్పు తగ్గడం కాదు, కంగారుపడి వెంట్‌లు తెరవకండి. చుట్టాక రెండు గంటలకు 195, 200 వస్తుంది. ప్రోబ్ వెన్నలోకి దిగినట్టు దిగితే అయినట్టే, అంకె కోసం చూడక్కర్లేదు. అరగంట ఫాయిల్‌లోనే వదిలి, కారిన రసం వడకట్టి ముక్కల మీద పోయండి. వచ్చేవాళ్లు ఏడింటికి తింటారంటే మధ్యాహ్నం పన్నెండున్నరకు తొడ స్మోకర్‌లో ఉండాలి. ఇందులో మీవారు నిప్పు దగ్గర నిజంగా ఉండాల్సింది మొదటి గంట. ఆ తర్వాత నలభై నిమిషాలకొకసారి అంకె చూస్తే చాలు.

వేడి పెరిగిపోతే కింది రెండు వెంట్‌లు పూర్తిగా మూసి, మూడోది సన్నటి సందుగా ఉంచి ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి. మూత తీసి చల్లార్చాలని చూస్తే గాలి ఇంకా దొరికి రెట్టింపు మండుతుంది. వేడి పడిపోతే సాధారణంగా బూడిద గాలిదారిని మూసి ఉంటుంది. తలుపు తీసి ఇనపచువ్వతో మెల్లగా కదపండి. కొత్త స్మోకర్ మొదటి నాలుగైదుసార్లు అనుకున్నదానికంటే వేడిగా నడుస్తుంది. తలుపు, అతుకుల సందుల్లో గాలి దూరుతుంది. లోపల జిడ్డు, మసి పట్టేకొద్దీ అది సర్దుకుంటుంది కాబట్టి లోపలి నలుపును ఎప్పుడూ గీకి కడగకండి, గ్రేట్‌లు కడిగితే చాలు. మూత లోపల పొలుసుల్లా లేచినవి మాత్రం బ్రష్‌తో దులపండి, లేకపోతే వంట మీద రాలతాయి.

ఏడాదికి రెండుసార్లు చేసే పోర్క్ షోల్డర్ కోసం నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. కింది వెంట్‌కు తగిలించే ఫ్యాన్ కంట్రోలర్లు దొరుకుతాయి. ప్రోబ్ వేడిని చూసి ఫ్యాన్ దానంతటదే గాలి తోస్తుంది, పెల్లెట్ యంత్రం పనిలో ముప్పాతిక వంతు ఇదే చేస్తుంది. ముందు నాలుగైదుసార్లు చేత్తో నడిపి, అవసరమనిపిస్తేనే కొనండి.

మా సలహా తిరగబడే సందర్భం ఒకటుంది. శనివారాలు మీవారు ఇంట్లో లేక, పిల్లలతో మీరొక్కరే వండాల్సివస్తే పెల్లెట్టే సరైనది, అప్పుడు రుచిలో తేడాకు సర్దుకోవడం మేలు. అలా కొనేటట్టయితే బ్లూటూత్, యాప్ చూసి మోసపోకండి. డబుల్ వాల్ ఒళ్లు, హాపర్‌ను కిందినుంచి ఖాళీ చేసే తలుపు, గుళికలను అంటించే ఇగ్నైటర్ రాడ్ విడిగా దొరకడం, ఈ మూడూ చూడండి. రాడ్ ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. బయటి ప్లగ్‌లోని జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) అంటించగానే ట్రిప్ అవుతుంటే మొదట అనుమానించాల్సింది ఆ రాడ్‌నే. గుళికల్లో వంటకు తయారైనవే వాడండి, ఇల్లు వెచ్చబెట్టే పొయ్యిల గుళికల్లో పైన్ లాంటి మెత్తకట్టె కలిసి ఉండవచ్చు. మంచి గుళిక విరిస్తే టక్కున విరుగుతుంది, వంగి పొడైతే తేమ తగిలినట్టు. మూత ఉన్న ఐదు గ్యాలన్ల బకెట్‌లో పోసి ఇంట్లో పెట్టుకోండి. పొగ చాలకపోతే చిల్లుల గొట్టం ఒకటి కొని, గుళికలు నింపి ఒక చివర అంటించి గ్రేట్ మూల పెట్టండి, గంటల తరబడి విడిగా పొగ ఇస్తుంది.

ఏది కొన్నా పేషియోలో గోడకు, చెక్క కంచెకు పదడుగుల దూరంలో పెట్టండి. వాన పడుతోందని గరాజ్‌లోకి, తలుపు తెరిచి ఉన్నా సరే, తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. బుల్లెట్ స్మోకర్ కాళ్లు ఇరుకు, పరిగెత్తే పిల్లవాడు తగిలితే ఒరుగుతుంది, ఒళ్లంతా చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది. కాబట్టి చుట్టూ కుర్చీలు అడ్డం పెట్టి, పిల్లలకు నేల మీద సుద్దతో గీత గీసి చూపించండి. వంటయ్యాక అన్ని వెంట్‌లూ మూసేస్తే నిప్పు ఆరి, మిగిలిన బ్రికెట్లు వచ్చేసారికి పనికొస్తాయి. బూడిద పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పురవ్వ దాగి ఉంటుంది. రెండు రోజులాగి మూత ఉన్న ఇనప డబ్బాలోకి తీయండి, ప్లాస్టిక్ చెత్తబుట్టలో నేరుగా వేయవద్దు. వండినవి టేబుల్ మీద రెండు గంటలకు మించి ఉంచకండి. టెక్సస్ ఎండాకాలంలో బయట 90 డిగ్రీలు దాటితే గంటే గడువు.